కన్యాశుల్కమున సుబ్బి యెక్కడ?

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్క నాటకమునుగూర్చి మనవారు వ్రాసిన విమర్శనములు ఒక చిన్న గ్రంథాలయమునకు సరిపోవునన్ని కలవు. గిరీశము ఎట్టివాడు, మధురవాణి హృదయమెట్టిది, సౌజన్యారావు పంతులు నాటకమునకు అందమా భారమా, రచన ప్రహసనమా విషాదాంతమా, అందలి భాష గ్రామ్యమా జీవద్భాషయా యను ప్రశ్నలపై మూడు నాలుగు తరముల పండితులు వాదించిరి. మేమును యౌవనమున ఆ వాదములలో పాలుగొన్నవారమే. గిరీశముపక్షమున కొన్నాళ్లు, మధురవాణిపక్షమున పెక్కునాళ్లు పోరాడితిమి. కాని యే బాలికను అమ్మజూచుటచేత ఈ కథయంతయు నడచుచున్నదో ఆ బాలికనుగూర్చి ఒక్క పుటయైనను మేము వ్రాసినవారము కాము. వ్రాయలేదను సంగతియైనను మాకు తోచినది కాదు. అది తోపించిన ఘనత పండితులది కాదు. అచ్యుతాపురము దగ్గర కుట్టుమిషనుముందు దినమంతయు కూర్చుండి వచ్చు ఒక చిన్నదానిది.

జరిగిన దిది. గత వేసవిలో అచ్యుతాపురమునకు చేరువనున్న యొక పల్లెలో ఆదివారపు సాయంకాలములందు ఒక వీధియరుగుమీద కన్యాశుల్కము చదువుచుండిరి. పదవిలో నుండి విరమించిన యొక ఉపాధ్యాయుడు పుస్తకము పట్టుకొనెడివాడు. వినువారు బడిపిల్లలు కొందరు, వారి తల్లులు, ఫ్యాక్టరీకి సెలవుదినము కావున ఇంటనున్న కన్యలు నలుగురైదుగురు. మేము చుట్టపుచూపుగా పోయి ఆ గోష్ఠిలో చేరితిమి. ఈ నాటకమునకు ఆ నేల పరాయిది కాదు. గ్రంథకర్త 1862వ సంవత్సరమున యలమంచిలి ప్రాంతమందలి రాయవరమున, మేనమామ యింట జన్మించెను. ఆ యూరును అచ్యుతాపురమును నేడు ఒకే అనకాపల్లి జిల్లాలోనివి. 2022 ఏప్రిలువరకు రెండును విశాఖపట్టణపు జిల్లాలోనివే. పండితులు అర్థములు వెదకుకొను మాటలు ఆ యరుగుమీదివారికి నిన్న యింటిలో వినిన మాటలు. పిల్లలను గుంటడనియు గుంటయనియు పిలుచు సీమయది. కాబట్టి నవ్వవలసినచోట వారు మాకంటె ముందుగనే నవ్విరి.

అగ్నిహోత్రావధానులు తన చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధానులను ముసలివానికి ఇచ్చుటకు నిశ్చయించుకొని వచ్చిన రంగమును ఉపాధ్యాయుడు చదివెను. భార్య వెంకమ్మ ఏడ్చును. బావమరది కరటకశాస్త్రి వాదించును. అవధానులు మండిపడును. పెద్దకూతురు బుచ్చమ్మ ఇట్లే ఒక ముసలివానికి అమ్ముడుపోయి వైధవ్యము పొంది కన్నులయెదుట తిరుగుచుండగనే చిన్నదానికి బేరము కుదురుచున్నది. ఇల్లంతయు అట్టుడికినట్లు ఉడికిపోవును. వినువారు కొందరు నవ్విరి, తల్లులు మాత్రము నవ్వలేదు. అపుడు గోడకానుకొనియున్న యొక చిన్నది ఇట్లడిగెను: "మరి ఆ సుబ్బినెవలూ అడగలేదేటండీ?"

ఉపాధ్యాయుడు పుట త్రిప్పి చూచెను, వెనుకకు రెండు పుటలు త్రిప్పి చూచెను. పిమ్మట ముక్కుమీది అద్దములు తీసి, "లేదమ్మా" అనెను.

ఆ రాత్రి మేము నాటకమును మొదటినుండి తిరిగి చదివితిమి. సుబ్బి పలికిన పలుకులకంటె సుబ్బినిగూర్చి ఇతరులు పలికిన పలుకులు ఎన్ని రెట్లు అధికములో చెప్పనలవికాదు. తండ్రి ఆమెను ధనమని చూచును. తల్లి తన కడుపుకోతయని చూచును. మేనమామ ఒక తంత్రమునకు అవకాశమని చూచును. ఆమెను రక్షింప యత్నించినవారు నాటకమున తక్కువమంది కారు. కాని అమ్మువాడును ఆమెను అడుగలేదు, కాపాడువారును అడుగలేదు. మన విమర్శకులు మొదటి సగమును గుర్తించి అగ్నిహోత్రావధానులను తగినంతగా తిట్టిరి. రెండవ సగమును చూచినవారు మా యెరుకలో లేరు. నాటకమునందు బాలురకు సంబంధించిన అసలు సత్యము ఆ రెండవ సగమున నున్నదని యిప్పుడు మాకు తోచుచున్నది.

రక్షకులనే చూతము. వెంకమ్మ నూతిలో దుముకును. ప్రేమగల తల్లియే. అయినను ఆ యింట ఆమె మాటకు విలువ వచ్చుటకు ప్రాణమును పణముగా పెట్టుట తప్ప వేరు త్రోవ లేదు. ఇక తల్లి మాటకే విలువలేని యింట కూతురి మాట ఎంత! కరటకశాస్త్రి కార్యశూరుడు. తన శిష్యుడైన మహేశమునకు ఆడువేషము వేసి, వానినే పిల్లగా లుబ్ధావధానులకు కట్టబెట్టి, సుబ్బి పెండ్లి తప్పించును. ఈ తంత్రమునకు మనమందరము చప్పట్లు చరచుదుము. మేమును చరచితిమి. కాని యీ కార్యము నెరవేర్చినచో శిష్యునికి కరటకశాస్త్రి యీయజూపు బహుమానమేమి? తన కూతురినిచ్చి పెండ్లి చేసెదననుట! ఒక బాలికను బేరమునుండి తప్పించుటకు మరియొక బాలిక బేరమున పడినది. ఆమె నాటకమున రంగమెక్కదు. ఆమె కెన్నేండ్లో, ఆ మహేశమునుగూర్చి ఆమె తలపేమో యెవ్వరికిని పట్టదు. శాస్త్రి దుష్టుడు కాడు. మేనకోడలిపై నిజమైన దయగలవాడు. తన కూతురు తనది గనుక ఇచ్చెదననుటలో ఆయనకు తప్పేమియు తోచలేదు. అగ్నిహోత్రావధానులకును అట్లే తోచలేదుగదా!

ఇచ్చట గురజాడవారు ఉద్దేశపూర్వకముగనే ఈ వ్యంగ్యమును నిలిపిరా, లేక కథ నడుచు వేగమున అది దొర్లినదా యను ప్రశ్న కలుగును. ఉద్దేశపూర్వకమనియే మా యభిప్రాయము. ఏలయన, బుచ్చమ్మ విషయమునను ఇట్టి పనియే జరిగినది. చెల్లెలి పెండ్లి ఎట్లయినను తప్పవలెనని ఆమె పడు ఆరాటమును గిరీశము కనిపెట్టి, దానినే తన కార్యమునకు మెట్టుగా చేసికొని ఆమెను లేవదీసికొనిపోవును. సంస్కర్త నోటిమాటలు, సోదరి కన్నీరు, రెండును ఒక ధూర్తుని చేతిలో పనిముట్లైనవి. ఒక్క గ్రంథమున రెండుమారులు, పిల్లను కాపాడుటయను పేరిట మరియొక స్త్రీజీవితము బేరమునకు వచ్చినది. ఇంతటి రచయిత చేతిలో ఇది కాకతాళీయమనుట మా మనస్సున కెక్కదు.

అయినను ఒక లోపమును దాచరాదు. నాటకము తుది చేరునప్పటికి గిరీశము నిజస్వరూపము బయటపడును. మధురవాణి గొప్పతనము వెల్లడియగును. బుచ్చమ్మను పూనాలోని వితంతుశరణాలయమునకు పంప నిర్ణయమగును. లుబ్ధావధానులు హత్యానేరమునుండి బయటపడు త్రోవ దొరకును. పెద్దల లెక్కలన్నియు తేలినవి. ఎవరికొరకు ఈ గందరగోళమంతయు పుట్టినదో ఆ బాలిక చివరి రంగమున లేదు. ఆమెకు చదువు చెప్పింతురా, మరియొక సంబంధము చూతురా, ఏదియు మనకు నిలువదు. తెర పడిన తరువాత ప్రేక్షకులెవ్వరును ఆ ప్రశ్న అడుగకుండుట నాటకపు లోపమో, ప్రేక్షకుల లోపమో పాఠకులే నిర్ణయింతురుగాక. మేము సగము సగము పంచెదము.

ఇచ్చట అప్పారావుగారి పీఠికనుగూర్చి ఒక మాట చెప్పవలయును. నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడినది. ఆ ముద్రణమునకు ఆంగ్లమున వ్రాసిన పీఠికలో, విజయనగర మహారాజు విశాఖపట్టణపు జిల్లాలోని బ్రాహ్మణకుటుంబములందు శుల్కము పుచ్చుకొని చేసిన వివాహములకు తయారు చేయించిన పట్టికనుగూర్చి చెప్పిరి. అందెక్కిన వివాహములు 1,034. వానిలో 99మంది బాలికలకు ఐదేండ్లు, 44మందికి నాలుగు, 36మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్కటే యేడు. ఆ యేడాది శిశువుల వెల 350 మొదలు 400 రూపాయలవరకు. ఐదేండ్లును అంతకు తక్కువయు గలవారిని మాత్రము కూడినచో 188మంది. అనగా ఐదారు వివాహములలో ఒకటి పాలపండ్లైనను ఊడని శిశువునకు జరిగినది. ఈ యంకెలు చదివి కన్ను చెమర్పనివారుండరు. ఒక యేటి శిశువును 'నీ ఇష్టమేమి' యని అడుగుట హాస్యాస్పదము. కావున ఆ కాలపు సంస్కర్తలు 'అడుగవలయును' అనలేదు, 'ఆపవలయును' అనిరి. ఇల్లు తగులబడుచుండగా లోనివారి అభిప్రాయము సేకరింప నెవ్వరును నిలువరు. సుబ్బి మౌనమునకు ఇది యొక సమాధానమని మేమొప్పుకొందుము.

కాని ఆ మంటలు చాలవరకు ఆరినవి. 1929నాటి శారదాచట్టము బాలికలకు 14 ఏండ్లను, బాలురకు 18 ఏండ్లను కనీసవయస్సుగా విధించెను. 1978లో అవి 18, 21 అయ్యెను. 2006లో మరింత గట్టి శాసనము వచ్చెను. 2021 డిసెంబరులో స్త్రీలకును 21 చేయదలచి పార్లమెంటున బిల్లు ప్రవేశపెట్టిరి గాని, 2024లో ఆ లోకసభ రద్దగుటతో బిల్లును మురిగిపోయెను. మన ఆంధ్రప్రదేశమున, 2022 అక్టోబరు నుండి, పెండ్లికూతురును పెండ్లికుమారుడును పదవతరగతి ఉత్తీర్ణులైననే వివాహమునకు సర్కారు కానుక యిత్తుమని యొక నియమము పెట్టియుండిరి. అన్నియు మంచివే. అయినను 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున తేలినదేమనగా, మన రాష్ట్రమున 20–24 ఏండ్ల ప్రాయపు స్త్రీలలో నూటికి 29మందికి 18 నిండకముందే వివాహమైనది. దేశమంతటికి ఆ లెక్క 23 మాత్రమే. పదునైదు మొదలు పందొమ్మిదేండ్లవరకు గల కన్యలలో నూటికి ఇంచుమించు 13మంది అప్పటికే తల్లులు, లేదా గర్భవతులు. చదువులలోను కర్మాగారములలోను ముందున్నామని చాటుకొను రాష్ట్రము ఈ విషయమున దేశపు సగటుకంటె వెనుకబడుట ఎట్లు సంభవించెను?

చట్టము వయస్సును లెక్కించును, మనస్సును లెక్కింపదు. అది చట్టము తప్పు కాదు. మనస్సును లెక్కించు పని ఇంటిలోనివారిది. పదునేడేండ్ల కన్య ఏడాది శిశువు కాదుగదా! ఆమెకు తనదని చెప్పుకొనదగిన ఆలోచన యున్నది. ఆమెను అడుగుటకు ఇంట నోరెవ్వరికిని రానిచో, పదునెనిమిది నిండినదాక ఆగుటయనునది తేదీకొరకు కాచుకొనుటయే యగును. అట్టి పెండ్లిండ్లు మే మెరిగినవి యున్నవి. పుట్టినతేదీ చేతబట్టుకొని, నిండిన మరునాడే ముహూర్తము పెట్టినవి. చట్టమునకు లోపము లేదు. పిల్లనుమాత్రము లుబ్ధావధానుల కాలమున ఎట్లు అడుగలేదో ఇప్పుడును అట్లే అడుగలేదు.

ఇప్పుడు అచ్యుతాపురపు పల్లెలకు వత్తము. ఈ శతాబ్దపు మొదటి దశాబ్దమున అచ్యుతాపురము, రాంబిల్లి మండలములలో ఐదువేల యెకరములకు పైబడిన భూమిని ప్రత్యేక ఆర్థికమండలి కొరకు సేకరించిరి. దిబ్బపాలెము మొదలగు గ్రామములవారు పునరావాసపు కాలనీలకు తరలిరి. జీడితోటలు, కొబ్బరితోటలు, సరుగుడు, వరిమళ్లు ఉన్నచోట మందుల ఫ్యాక్టరీలు, రసాయన ఫ్యాక్టరీలు లేచినవి. శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థవారి వస్త్రనగరము ఒక్కటే వేయి యెకరముల మేర వెలసినది. అందు పనిచేయు వేలకొలది జనములో అత్యధికులు స్త్రీలు, వారిలోను పల్లెలనుండి బస్సులలో వచ్చు యువతులు. తెల్లవారకమునుపే బస్సులు వరుసగా పల్లెల మొదళ్లకు వచ్చి నిలుచును. జడ ముడిచి, అన్నపు డబ్బా సంచిలో వేసికొని, నిదురకన్నులతో ఆ పిల్లలు ఎక్కుదురు. పూడిమడక తీరమున చేపలబుట్ట నెత్తిన బెట్టుకొని నడచిన తల్లుల కూతుళ్లు నేడు విదేశీయులు తొడుగుకొను లోదుస్తులు కుట్టుచున్నారు. దీనిని కేవలము దుర్దశయని చెప్పువారితో మేమేకీభవింపము. తన చేతితో తెచ్చిన జీతము తన చేతిలోనుండుట మన పల్లెలలో యే తరపు కన్యకును ఇంతకుమున్ను కలుగని భాగ్యము.

తన చేతిలో ఎంతకాలముండును? ఇదియే ప్రశ్న. ఆ యరుగుమీద మేము వినినంతలో, జీతము తల్లిచేతికి పోవును. తల్లి దానితో చీటీ వేయును. చీటీ పాడినపుడు వచ్చు సొమ్ము కూతురి కట్నమునకు. వెనుకటి కాలమున ముసలివాడు పిల్లతండ్రికి శుల్కమిచ్చెను. ఇప్పుడు పిల్లయే తనకు పెట్టవలసిన వెలను తాను కుట్టి కూడబెట్టుచున్నది. శుల్కము తలక్రిందులై కట్నమైనది. బేరము బేరముగనే నిలిచినది. ఒక విశేషము మాత్రము కలదు. అప్పుడు పిల్లకు బేరమున పాలులేదు, ఇప్పుడు ఖర్చున పాలున్నది.

తల్లిదండ్రులను నిందించుట సులభము. మా పత్రికలో ఆ పని కొంత యెక్కువగనే జరిగినది. వారి పక్షమును వినుట న్యాయము. ఒక తల్లి మాతో చెప్పిన మాటలివి: "మాకు ఆశ కాదండీ, బయ్యం. రేత్రి డూటీ అయి బండి దిగి యింటికొచ్చేదాకా గుండె గుండెలో ఉండదు. పెళ్లి చేసేస్తే మా పూచీ తీరుద్ది." ఈ భయము కల్పితము కాదు. 2022 జూన్ 3వ తేదీని, తిరిగి ఆగస్టు 2వ తేదీని అచ్యుతాపురపు మండలిలో విషవాయువు తగిలి కుట్టుపని చేయు స్త్రీలు వందలకొలది ఆసుపత్రులపాలైరి. 2024 ఆగస్టు 21వ తేదీని ఒక మందుల ఫ్యాక్టరీలో ప్రమాదము జరిగి పదునేడుగురు మరణించిరి. ఇట్టిచోటికి బిడ్డను పంపి, ఆమె జీతముపై ఇల్లు గడపుకొను తల్లికి నిదుర యెట్లు పట్టును? ఊరు మార్చి కాలనీకి వచ్చినవారికి ఇరుగుపొరుగు క్రొత్త. పూర్వపు వీధిలో పదిమంది అత్తలు, అప్పలు కనిపెట్టియుండెడివారు. ఇప్పుడు లేరు. పుకారు పుట్టుటకు మాత్రము ఎవ్వరును కొరవలేదు. వయస్సు పెరిగినకొలది, చదువు పెరిగినకొలది వరుడు దొరకుట కష్టమై కట్నము పెరుగునన్న లెక్క యొకటి. ఈ భయములన్నిటికి పెండ్లియే మందని వారు నమ్మినచో, ఆ నమ్మకమును పరిహసించుటవలన ఫలము లేదు.

అయినను వెంకమ్మ నూతిలో దూకుటకును ఈ తల్లి పెండ్లి చేసివేయుటకును పోలిక మాకు కనబడుచున్నది. రెండును ప్రేమవలన పుట్టినవే. రెండిటిలోను పిల్లతో మాటాడుట లేదు. ఆ చిన్నది రాత్రివేళ బస్సుదిగి నడచునపుడు నిజముగా దేనికి భయపడునో తల్లి అడిగి తెలిసికొన్నదా? లేదు. ఆమె భయము తల్లి భయము కాకపోవచ్చును. మే మడిగితిమి. ఆమెకు త్రోవ భయము లేదట. వెంట నలుగురు స్నేహితురాండ్రు నడతురు. వీధిదీపము లేనిచోట కుక్కలున్నవట. ఆమె యసలు భయము వేరు: ఇంటరు పరీక్ష ప్రైవేటుగా కట్టవలెనని దాచుకొన్న సొమ్ము చీటీలో కలిసిపోవునని. ఆ సంగతి తల్లికి ఆనాడు అరుగుమీదనే మొదటిసారి తెలిసినది. ఒకే కప్పుక్రింద, ఒకే మంచముమీద పండుకొను తల్లీకూతుళ్లు!

మగపిల్లలమాట యేమని పాఠకులడుగవచ్చును. కన్యాశుల్కమున వెంకటేశము నోరు మూయడు. ఆ యింట మాటాడుటకు హక్కుగల బాలుడు వాడొక్కడే. వాడాడునది గిరీశము నేర్పిన మాటలు, కాల్చునది గిరీశము నేర్పిన చుట్ట. తల్లి తన కొడుకును గురువును ఇంగ్లీషున మాటాడుడని కోరగా, వారిద్దరు అర్థములేని పలుకులు వల్లించిన ఘట్టమును మన ప్రేక్షకులు నూరేండ్లుగా విరగబడి నవ్వి చూచుచున్నారు. ఆ యరుగుమీద మాత్రము నవ్వు సగములో ఆగిపోయినది. తమ పిల్లవానిని పచ్చబస్సెక్కించి, ఫీజుకొరకు పుస్తెలు కుదువబెట్టి, సాయంకాలము వాడు గడగడ అప్పగించు ఇంగ్లీషు పద్యమును అర్థము కాకున్నను కన్నులార వినుచున్న తల్లులు అచట ఇద్దరుండిరి. అగ్నిహోత్రావధానులు కొడుకు చదువును తన దావాలకు పనిముట్టుగా తలచెను. నేడు దావాలు లేవు, ఉద్యోగమున్నది. బాలుని చదువు బాలునిదని తలచు తండ్రి అప్పుడును అరుదు, ఇప్పుడును అరుదు. వెంకటేశమునకు మాటలున్నవి గాని అవి వానివి కావు. సుబ్బి మౌనమును వెంకటేశము వాచాలతయు ఒకే యింటి పెంపకపు రెండు ముఖములని మా తలపు. ఈ విషయము ఇంకను విస్తరింపదగినది గాని ఇప్పటికి చాలును.

గురజాడవారు ఆడపిల్లకు గొంతునీయనే లేదా యనినచో, ఇచ్చిరి. పూర్ణమ్మయను గేయమున. ముసలివాని కిచ్చిన ఆ బాలిక అన్నదమ్ములతో తన మనస్సు విప్పి చెప్పును. తెలుగునాట ఆ గేయము విని కంట తడిపెట్టని యిల్లు లేదు. కాని యామె నోరు విప్పునది చచ్చుటకు పోవుచు. అప్పుడుగాని ఆమె మాట వినవలసిన దని యింటివారికి తోపలేదు. సంస్కారసాహిత్యము చదువరుల హృదయమును కరగించుటకు చనిపోవు బాలికను తరచుగా వాడుకొన్నది. మేమును అట్టి కథలు అచ్చువేసితిమి. వానివలన మేలు జరుగలేదని అనము. అయితే బ్రదికియుండి, పదునేడేండ్ల వయస్సున, పరీక్ష ఫీజు కావలెనని అడుగు పిల్ల మన కథలలో కానరాదు. ఆమెలో కన్నీరు పెట్టించునది లేదు కాబోలు!

పిల్లలకేమి తెలియును, వారి ఇష్టప్రకారము నడచినచో ఇల్లు నిలుచునా యని పెద్దలాక్షేపింతురు. అడుగుట వేరు, తీర్పు వారిచేతికిచ్చుట వేరు. వైద్యుడు నాడి చూచునపుడు నొప్పి యెక్కడ నున్నదని రోగిని అడుగును. మందు రోగి వ్రాయడుగదా! బుచ్చమ్మ వైధవ్యమును కన్నులార చూచియున్న చెల్లెలికి ముసలి పెనిమిటినిగూర్చి చెప్పుటకేదియు లేకుండెనని మేము నమ్మజాలము. ఆ యింట అందరికంటె ఎక్కువ తెలిసినది ఆమెకే యని తలచుటకు కారణము కలదు. పిల్లలు ప్రక్కగదిలో నిదురపోవుచున్నారని తలచి పెద్దలు మాటాడుకొను మాటలు పిల్లలు విన్నంతగా మరెవ్వరును వినరు.

మరుసటి యాదివారము ఆ పల్లెలో నాటకమును చదువుట చాలించి ఆడవలెనని పిల్లలు పట్టుబట్టిరి. వేషములు పంచుకొనుటలో గిరీశముకొరకు ముగ్గురు, మధురవాణికొరకు ఇద్దరు తగవులాడిరి. సుబ్బి వేషము ఎవ్వరికిని వలదు. "మాటల్లేని యేసం మాకెందుకండీ" అనిరి. తుదకు ఆ ప్రశ్న అడిగిన చిన్నదియే తాను వేసికొందుననెను. ఒక్క నియమము పెట్టెను: పుస్తకమున ఉన్నను లేకున్నను, తన పెండ్లిమాట యే రంగమున వచ్చినను తాను వేదికమీదనే కూర్చుండవలెనట. ఉపాధ్యాయుడు కొంచెము సందేహించి, గ్రంథమున ఒక్క యక్షరమును మార్పని షరతుపై ఒప్పుకొనెను.

అరుగే రంగస్థలము. అగ్నిహోత్రావధానులు వేషధారి పదవతరగతి బాలుడు, గొంతు చించుకొని అరచెను. కరటకశాస్త్రి చేతులు త్రిప్పుచు వాదించెను. వెంకమ్మ కొంగుతో ముఖము కప్పుకొనెను. మేము వేయిమారులు చదివిన సంభాషణయే. మూలనున్న స్తంభము ప్రక్క సుబ్బి నేలమీద కూర్చుండి గచ్చకాయలు ఆడుచుండెను. వెల మాట వచ్చినపుడు ఎగిరిన కాయ చేతిలో పడలేదు, నేలమీద టప్పున పడినది. చూచువారందరి కన్నులు మాటాడుచున్న అవధానులను విడిచి ఆమెవైపు తిరిగినవి. ఆమె కాయ ఏరుకొని మరల ఎగురవేసెను. అవధానులు వేషధారి తన మాట మరచి, ఆమెనే చూచుచు నిలుచుండిపోయెను. ఉపాధ్యాయుడు పుస్తకమునుండి రెండుమారులు మాట అందింపవలసివచ్చెను.